నా ఫోన్లన్నీ చందానగర్‌కి

మనిషి కొంప మునగడానికి వరదలే రానక్కర్లేదు, బొటనవేలు చాలు. నా కొంప అలాగే మునిగింది. ప్రగతి నగర్‌లో మా ఇంటి సోఫాలో కూర్చుని, టీ తాగుతూ, ఎవరూ అడగకుండానే, నా బొటనవేలితో నేనే ముంచుకున్నాను. ఆ కథ చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో రెండేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, మీరూ కలిస్తే కొత్తగా పోయే పరువేం లేదు.

ముందు నా గురించి నాలుగు ముక్కలు. పేరు కిరణ్. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ని. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, వాటిని నలుగురిలో పెట్టి, అందుకు జీతం తీసుకునేవాణ్ణి. ఈ ఉద్యోగం వల్ల నాకు రెండు గుణాలు అబ్బాయి. ఏ వస్తువు చేతికొచ్చినా దాని లోపల ఏముందో చూడకుండా నిద్రపట్టదు. మా ఇంటి వాషింగ్ మెషీన్‌లో ఎన్ని రకాల ఉతుకులున్నాయో దాన్ని తయారు చేసినవాడికన్నా నాకే బాగా తెలుసు. రెండో గుణం, తప్పులనేవి ఎప్పుడూ అవతలివాళ్లే చేస్తారని గట్టి నమ్మకం. మా ఆవిడ శాంతి ఈ రెండో గుణం గురించి ఒక పుస్తకం రాయగలదు. స్కూల్లో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దడంతోనే సరిపోతోంది కాబట్టి రాయలేదు.

అలాంటి నాకు జర్మనీ అవకాశం వచ్చింది. మూడు వారాలు క్లయింట్ ఆఫీసులో పని. అంతవరకు నేను దేశం దాటింది లేదు. నాకంటే వెనక చేరినవాళ్లు కూడా మంచులో నిలబడి ఫొటోలు పెడుతుంటే, వాటి కింద "సూపర్" అని రాసీ రాసీ నా ప్రాణం విసిగిపోయి ఉంది. ఆ ప్రయాణం నాకు ఎంత కావాలంటే, ఆ వార్త విన్న రోజు బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని కాసేపు గంతులేశాను. ఒంగోలులో మా నాన్న బంధువులందరికీ చాటింపు వేసేశారు. చర్చిలో పాస్టర్‌గారు నా పేరు చదివి ప్రార్థన చేయించారు. శాంతి దుప్పటంత మందం కోటు కొనిపెట్టింది. దాన్ని వేసవిలో వేసుకుని అద్దం ముందు నిలబడి, చెమటలు కారుతుండగా నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి.

అంతా బాగానే ఉంది, వంశీ ఆ మాట అనకపోయి ఉంటే.

వంశీ ఆఫీసులో నా పక్క సీటువాడు. అంతకుముందోసారి జర్మనీ వెళ్లొచ్చాడు. రాగానే వచ్చిన ఫోన్ బిల్లు చూసి పాపం రెండు రోజులు క్యాంటీన్‌లో పెరుగన్నంతోనే సరిపెట్టుకున్నాడు. "రోమింగ్‌లో అంత మాట్లాడటం ఎందుకు?" అని నేను అడిగితే వాడు చెప్పిన జవాబు నా బుర్రలో పురుగులా దూరింది.

"మాట్లాడితే బాధ లేదు బ్రో. ఎత్తని ఫోన్లకు బిల్లు వేసిండ్రు."

ఎత్తని ఫోన్లకు బిల్లా? ఎలా? ఎందుకు? మీరైతే పాపం అని ఊరుకునేవారు. నేను ఊరుకోలేకపోయాను. రెండు రోజులు అదే పని మీద ఉండి, అడగాల్సినవాళ్లనీ అడగక్కర్లేనివాళ్లనీ అడిగి, చివరికి రహస్యం పట్టుకున్నాను. అపరాధి వాయిస్ మెయిల్. మనం ఫోన్ ఎత్తకపోతే, అవతలివాళ్ల మాటలు దాచిపెట్టే పెట్టె అది. మన దేశంలో దాన్ని పలకరించినవాళ్లు నాకు కనిపించలేదు, కానీ అది చాలామంది ఫోన్లలో చప్పుడు చేయకుండా కూర్చునే ఉంటుంది. మనం జర్మనీలో నిద్రపోతుండగా హైదరాబాద్ నుంచి ఎవడో లోన్ కావాలా అని ఫోన్ చేస్తాడు. ఆ కాల్ ఇక్కణ్ణించి జర్మనీ దాకా వెళ్తుంది. మనం ఎత్తం. అది వెనక్కి తిరిగి, మళ్లీ ఇండియాలో ఉన్న ఆ పెట్టె దగ్గరికే వస్తుంది. రానూ పోనూ ఛార్జీ మన నెత్తిన.

ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఫోన్ సెట్టింగుల్లోకి దూరాను. కాల్ ఫార్వర్డింగ్ అని ఒక చోటు ఉంది. అందులో నాలుగు గడులు. మనం వేరే కాల్‌లో ఉంటే ఎక్కడికి పంపాలి, ఎత్తకపోతే ఎక్కడికి, అందుబాటులో లేకపోతే ఎక్కడికి అని మూడు గడులు. ఆ మూడింట్లోనూ వాయిస్ మెయిల్ నంబర్ హాయిగా కాపురం ఉంటోంది. మూడింటినీ తుడిచేశాను. అక్కడితో ఆపి ఉంటే ఈ పాటికి నేనూ మంచులో ఫొటో దిగి ఉండేవాణ్ణి. కానీ నాలుగో గడి ఒకటి మిగిలిందే. ఫోన్ మన దగ్గర మోగనే మోగకుండా, వచ్చిన ప్రతి కాల్‌నూ నేరుగా వేరే నంబర్‌కి పంపే గడి అది. దీన్ని వాడితే కాల్ అసలు దేశం దాటదు. పైసా ఖర్చు లేదు, పైగా ఎవరు చేశారో మనకు తెలుస్తుంది. దీన్ని కనిపెట్టినవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మరి ఆ ఫోన్లు ఎవరు ఎత్తాలి? శాంతి స్కూల్లో ఫోన్ బీరువాలో పెట్టాలి. మా నాన్నకు చెవులు సరిగా వినపడవు. అప్పుడు గుర్తొచ్చారు మా అత్తయ్య, శాంతి వాళ్లమ్మ ఎస్తేరమ్మగారు.

మా అత్తయ్య చందానగర్‌లో ఉంటారు. సర్కారు దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ వార్డులో ఉన్నప్పుడు పేషెంట్లే కాదు, డాక్టర్లు కూడా మందులు వేళకు వేసుకునేవారని ప్రతీతి. ఫోన్ మోగితే రెండో రింగు దాకా ఆగరు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు, ఇసుమంత కూడా తేడా రానివ్వరు. ఇంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆవిడ సంతోషంగా ఒప్పుకుని, డ్యూటీ ఎప్పటినుంచి అని అడిగారు.

"నేను విమానం ఎక్కిన రోజు నుంచి అత్తయ్యా. ఈలోపు నా పేరు చెప్పి ఎవరైనా మీకు ఫోన్ చేస్తే మాత్రం నమ్మకండి. మోసగాళ్లు ఎక్కువైపోయారు. ఓటీపీ అడిగితే అసలు చెప్పొద్దు."

"నాకు చెప్పినవ్ గద, ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నారావిడ.

ఆ సాయంత్రమే పరీక్ష పెట్టాను. నాలుగో గడిలో అత్తయ్య నంబర్ వేసి, శాంతి ఫోన్ నుంచి నాకు చేయించాను. నా ఫోన్ ఉలకలేదు పలకలేదు. చందానగర్‌లో అత్తయ్య ఎత్తారు. పరీక్ష నెగ్గింది. ప్రయాణం రోజున మళ్లీ పెట్టుకుందామని "ఆపు" నొక్కాను. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతుండగా శాంతి వంటింట్లోంచి, చపాతీలు చల్లారిపోతున్నాయని కేకేసింది. నేను ఫోన్ సోఫాలో పడేసి లేచాను.

ఆ చక్రం తిరిగి తిరిగి, పని పూర్తి చేయకుండానే ఆగిపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. చేసిన పనిని రెండోసారి సరిచూడని టెస్టర్ ఉంటాడా అని మీరు అడగొచ్చు. ఉంటాడు. వేడి చపాతీలుంటే తప్పకుండా ఉంటాడు.

మర్నాటి నుంచి నా ఫోన్ ప్రశాంతంగా మారిపోయింది. క్రెడిట్ కార్డులవాళ్లు లేరు, శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు అమ్మేవాళ్లు లేరు. ఇంట్లోవాళ్లం, స్నేహితులం అంతా మాట్లాడుకునేది నెట్ మీద వీడియో కాల్స్‌లోనే కాబట్టి, అవి మామూలుగానే వస్తున్నాయి. వాయిస్ మెయిల్ తీసేయడం వల్లే ఇంత శాంతి దొరికిందని నేను క్యాంటీన్‌లో పదిమందికీ చెప్పాను. కొందరు నా చేత వాళ్ల ఫోన్లలోనూ తీయించుకున్నారు.

అటు అత్తయ్య రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసి కొత్త కబుర్లు చెప్పేవారు. ఆవిడకు ఎవరో మణికొండలో మూడు పడకగదుల ఇల్లు కొనమన్నారట. ఇంకెవరో కారు లోన్ ఇస్తామన్నారట. "ఈ వయసుల నేను కారు నడపాల్నా?" అని ఆవిడ ఆశ్చర్యపోతుంటే, మన వివరాలన్నీ బజారులో పడ్డాయి అత్తయ్యా, కాలం అలా ఉంది అని నేను గంభీరంగా వివరించేవాణ్ణి.

అయిదారు రోజులు పోయాక ఆవిడ కళ్లు మెరుస్తూ కనిపించారు. ఆ పొద్దున ఒక అమ్మాయి ఫోన్ చేసి, కిరణ్ గారి పాస్‌పోర్ట్ ఆఫీసుకు రాదు, కొరియర్‌లో ఇంటికే వస్తుంది, ఎవరినైనా ఇంట్లో ఉండమనండి అని చెప్పిందట. అత్తయ్య ఆ అమ్మాయిని పూర్తిగా మాట్లాడనిచ్చి, చదువుకున్న పిల్లవు, ఈ పాడు పని మానేసి ఏదన్నా నర్సింగ్ కోర్సులో చేరమని సలహా చెప్పి పెట్టేశారట.

నేను విదేశం వెళ్తున్న సంగతి మోసగాళ్లకు ఎలా తెలిసింది? పాస్‌పోర్ట్ వీసా ఆఫీసులో ఉందని కూడా తెలుసు. ఎంత లోతుగా వెళ్లారు! నా పాస్‌పోర్ట్ సంగతి మా ట్రావెల్ డెస్క్ చూసుకుంటోంది. వీసా పడగానే అది అయిదో అంతస్తుకు వస్తుంది, నేను లిఫ్ట్ ఎక్కి తెచ్చుకుంటాను. అది కూడా తెలియకుండా ఇంటికి కొరియర్ అంటున్నారంటే కథ అల్లడంలో వీళ్లు ఇంకా ఎదగాలి. ఇలా అనుకుని నవ్వుకున్నాను కూడా.

మీకు ఈపాటికి అంతా అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. అందుకే కథ ఇంకా నడుస్తోంది.

తర్వాతి రోజు నేను మీటింగులో ఉండగా ఒక ఓటీపీ మెసేజ్ వచ్చింది, డెలివరీ మనిషికి చెప్పమని. మెసేజ్‌లు నా ఫోన్‌కే వస్తాయి కదా, కాల్స్ మాత్రమే చందానగర్ వెళ్తున్నాయి. ఏ ఓటీపీనో, ఎందుకొచ్చిందోనని పక్కన పెట్టాను. సాయంత్రం అత్తయ్య చెప్పింది వింటుంటే నా మతి పోయింది.

"ఇయ్యాల ఒక పిల్లగాడు చేసిండు కిరణ్. మీ గేటు కాడనే ఉన్న, ఓటీపీ చెప్పుండ్రి, పాస్‌పోర్ట్ ఇచ్చి పోత అంటున్నడు. నేను బాల్కనీలకెల్లి కిందికి చూసిన. గేటు కాడ కుక్క తప్ప ఎవ్వరు లేరు. యాడి గేటురా అని అడిగిన. ప్రగతి నగర్ అన్నడు. నేనున్నది చందానగర్‌ల. దొరికిండు దొంగ అనుకున్న."

మెసేజ్ నాకు, ఫోన్ ఆవిడకు! ఈ ముఠా ఎంత పకడ్బందీగా పని చేస్తోందో చూశారా? నాకు భయంతోపాటు, నిజం చెప్పాలంటే, వాళ్ల మీద కాస్త గౌరవం కూడా కలిగింది. తెలివితేటలు ఎక్కడున్నా మెచ్చుకోవాలి. శాంతి మాత్రం పేపర్లు దిద్దుతూ తలెత్తి, నిజంగానే పాస్‌పోర్ట్ ఏమో ఒకసారి కనుక్కోకూడదా అంది. నేను జాలిగా నవ్వి, టీచర్లకు ఇవి అర్థం కావులే అన్నాను. ఆ నవ్వుకు తర్వాత ఎంత మూల్యం చెల్లించానో మీరు ఊహించుకోండి.

అత్తయ్యకు తర్ఫీదు మొదలుపెట్టాను. మళ్లీ చేస్తే భయపడొద్దు, పోలీసులకు చెప్పానని బెదిరించండి అన్నాను. మర్నాడు ఆ కొరియర్ కుర్రాడు మళ్లీ చేశాడట, ఆవిడ బెదిరించారట. పాపం వాడు, అమ్మా నన్నెందుకు తిడుతున్నారని అడిగి, పార్సిల్ తీసుకోవడం లేదని రాసి వెనక్కి పంపుతానన్నాడట. పంపుకోమన్నారట అత్తయ్య. ఇద్దరం వీడియోలో ఒకరినొకరు చూసుకుని విజయగర్వంతో నవ్వుకున్నాం.

అప్పుడు వచ్చింది నాకా మహత్తరమైన ఆలోచన. దయచేసి ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, నా జీవితంలో నేను ఇచ్చిన అతి గొప్ప సలహా ఇదే.

"అత్తయ్యా, వీళ్లు మనల్ని వదలకపోవడానికి కారణం జర్మనీ ప్రయాణమే. ఎర ఉన్నంతవరకు వస్తూనే ఉంటారు. ఈసారి ఎవరు చేసినా, కిరణ్ జర్మనీ వెళ్లడం లేదు, ప్రయాణం మానుకున్నాడు అని గట్టిగా చెప్పేయండి. ఎంత అడిగినా ఆ మాట మీదే ఉండండి."

"గట్లనే చెప్త" అన్నారు అత్తయ్య. ఆవిడ చెప్తానంటే చెప్తారు.

ఆదివారం నా ప్రయాణం. శుక్రవారం దాకా పాస్‌పోర్ట్ కబురు లేకపోయేసరికి నేనే అయిదో అంతస్తుకు వెళ్లాను. ట్రావెల్ డెస్క్‌లో లావణ్య అని ఒకమ్మాయి ఉంటుంది. మెయిళ్లు ఎవరూ చదవరని ఆ అమ్మాయికి ఏనాడో తెలిసిపోయింది, అందుకని పనులన్నీ ఫోన్ మీదే నడుపుతుంది. నన్ను చూడగానే లేచి కుర్చీ చూపించి, ఎందుకో చాలా మెల్లగా మాట్లాడింది. ఇంట్లో అంతా బాగేనా అని అడిగింది. బాగే అన్నాను. దేవుడి దయ వల్ల అంతా సర్దుకుంటుందిలెండి అంది. నాకేమీ అర్థం కాలేదు, పాస్‌పోర్ట్ ఇస్తే వెళ్తానన్నాను.

ఆ అమ్మాయి ముఖంలో జాలి పోయి కంగారు వచ్చింది. "మీరు వెళ్లట్లేదు కదండీ? పాస్‌పోర్ట్ తీసుకోలేదని కొరియర్‌వాళ్లు వెనక్కి పంపేశారు. ఎందుకని మీకు ఫోన్ చేస్తే మీ అమ్మగారు ఎత్తారు. మీరు ప్రయాణం మానుకున్నారని చెప్పారు. నేను మళ్లీ మళ్లీ అడిగాను. ఆవిడ చాలా గట్టిగా చెప్పారండి. మీ టికెట్ క్యాన్సిల్ చేసి వంశీ గారికి తీశాం, ఆయన వీసా ఇంకా ఉంది కదా అని."

మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట చెప్పి, మీరు ఎవరికో చేసి ఉంటారు, నంబర్ తప్పయి ఉంటుంది అన్నాను. చూశారా, అప్పటికి కూడా తప్పు లావణ్యదే. ఆ అమ్మాయి టేబుల్ మీద ఫోన్ తీసి, నా ఎదురుగానే నా నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టింది. నా ఫోన్ ఆ టేబుల్ మీదే ఉంది. దాని మీద ఏ కదలికా లేదు. స్పీకర్‌లోంచి మాత్రం రెండో రింగు పడకముందే వినిపించింది.

"వందనాలు. ఎవరు?"

నా కళ్ల ముందు ఆ రాత్రి తిరిగిన చక్రం తిరిగింది. కొరియర్ కుర్రాడు, ఓటీపీ, నర్సింగ్ కోర్సులో చేరమనిపించుకున్న అమ్మాయి, అందరూ వరసగా కనిపించారు. ఆ అమ్మాయి ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని ఉంది. స్పీకర్ దగ్గరికి వంగి అన్నాను.

"అత్తయ్యా, నేను కిరణ్‌ని. వాళ్లెవరూ మోసగాళ్లు కారు. తప్పు నాదే అత్తయ్యా. నేను జర్మనీ వెళ్తున్నానని ఒక్కసారి ఈ అమ్మాయికి చెప్పండి. తప్పంతా నాదే."

అత్తయ్య తన వార్డు గొంతుతో, కిరణ్ జర్మనీ పోతలేడు, ప్రయాణం మానుకున్నడు అని అక్షరం పొల్లు పోకుండా చెప్పి, ఫోన్ పెట్టేశారు.

లావణ్య నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. అంతలో టేబుల్ మీద నా ఫోన్ మోగింది. అత్తయ్య వీడియో కాల్. ఎత్తగానే తెరనిండా ఆవిడ ముఖం, గెలిచిన వెలుగుతో.

"కిరణ్, ఈసారి ఏకంగ నీ గొంతే తీసిండు. అచ్చం నీ తీరుగనే ఉన్నది. మొన్న చర్చికి పోలీస్ మేడం వచ్చి చెప్పిపోయింది, కంప్యూటర్‌తోటి ఎవల గొంతైనా తీస్తరని. అయినా నేను పట్టేసిన."

"ఎలా పట్టుకున్నారు అత్తయ్యా?" అన్నాను నీరసంగా. ఆ పరిస్థితిలో కూడా తెలుసుకోవాలనిపించింది, నా పుట్టుక అలాంటిది.

"తప్పు నాదే, తప్పు నాదే అన్నడు. మా అల్లుడు గా మాట అనంగ నేను ఎన్నడు వినలే."

లావణ్య పెన్ను వెతుక్కుంటున్నట్టు టేబుల్ కిందికి వంగింది. చాలాసేపటిదాకా పైకి రాలేదు. ఆ అమ్మాయి భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఇక చేసేదేమీ లేదు. పాస్‌పోర్ట్ వెనక్కి వెళ్లిన ఊళ్లోంచి రావడానికే వారం పడుతుందన్నారు. ఆదివారం వంశీ వెళ్లాడు. నేను చర్చికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. బాధ పడలేదని చెప్పను, చాలా పడ్డాను. అత్తయ్యకు విషయమంతా చెప్పాను. ఆవిడ వెంటనే ఆ కొరియర్ పిల్లవాడి నంబర్ వెతికి, ఫోన్ చేసి క్షమాపణ అడిగారు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ నేను చెప్పింది చెప్పినట్టు చేశారు, నేనే నేను చేసింది సరిచూసుకోలేదు. కోప్పడదామంటే నాకు నేను తప్ప ఎవరూ దొరకలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, నా పథకం పూర్తిగా ఫలించింది. ఆ నెల నాకు రోమింగ్ ఛార్జీ ఒక్క పైసా పడలేదు.

కాబట్టి, ప్రగతి నగర్ నివాసి, వృత్తిరీత్యా పరుల తప్పులు వెతికేవాడు అయిన కిరణ్ అనే నేను, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఫోన్‌లో ఏ చక్రం తిరుగుతున్నా, అది ఆగి ఏం చెబుతుందో చదివేదాకా, ఎంత వేడి చపాతీ పిలిచినా లేవను. అంతేకాదు, వారానికి ఒకసారైనా, తప్పు ఉన్నా లేకున్నా, అత్తయ్యా శాంతీ ఇద్దరూ వినేలా "తప్పు నాదే" అని గట్టిగా అంటాను. వాళ్ల చెవులకు ఆ మాట అలవాటు కావాలి. లేకపోతే నిజంగా అవసరం వచ్చిన రోజున, ఆ మాట్లాడేది నేనేనని ఎవరూ నమ్మరు.